మురుగు ఎటు పంపాలి: పెద్ద లైనులో కలవడమా, సొంత శుద్ధి కేంద్రమా?

గత నెలలో మా అక్క కొడుకు ఫోను చేశాడు. విశాఖకు దగ్గర్లోని ఒక చిన్న పట్టణంలో అతను వార్డు కౌన్సిలరు. "మావయ్యా, వచ్చే సమావేశంలో తీర్మానం పెడుతున్నారు. నగరం వైపు వేసే పెద్ద మురుగు లైనులో మన ఊరినీ కలపాలంటున్నారు. కలిస్తే మనం ప్లాంటు కట్టుకోనక్కర్లేదు, ఖర్చు కలిసొస్తుందట. చెయ్యెత్తమంటావా, వద్దంటావా?" అని అడిగాడు.

మురుగునీటి పనుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. అయినా ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ఫోనులో చెప్పింది సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, ఇలాంటి తీర్మానం ముందుకొచ్చే ఊళ్లన్నిటికీ పనికొస్తుందని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కౌన్సిల్లో అందరూ ప్లాంటు ధర దగ్గరే ఆగిపోతారు. చూడాల్సింది మీ ఊరికీ ఆ ప్లాంటుకీ మధ్య ఉండే పైపును. దాని పొడవెంత, ఎంత ఎత్తు ఎక్కాలి, మొదటి అయిదేళ్లు అందులో ఎంత నీరు పారుతుంది, కరెంటు పోయినప్పుడు ఆ నీరు ఎక్కడికి పొర్లుతుంది, ఛార్జీ ఎవరు నిర్ణయిస్తారు? ఈ అయిదింటికి జవాబులు దొరికితే చెయ్యి ఎత్తాలో వద్దో దానంతటదే తేలిపోతుంది.

ముందు మన మురుగు ఎంత?

నలభై వేల జనాభా ఉన్న పట్టణం అనుకుందాం. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాలకు తలకు రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలనీ, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందనీ కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ లెక్క వేస్తుంది. ఆ ప్రకారం రోజుకు 43 లక్షల 20 వేల లీటర్లు. మన ఇంజనీర్ల భాషలో 4.32 ఎంఎల్‌డీ (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు). ప్రతిపాదనలో మీకు కనిపించే అంకె ఇదే.

ఇది కాగితం మీది మురుగు. రోజు విడిచి రోజు గంట సేపు కుళాయి వచ్చే ఊళ్లో 135 లీటర్లు ఎక్కడివి? పైగా వీధిలో పైపు వేసినంత మాత్రాన ఇంట్లో మురుగు అందులోకి రాదు. ఇంటివాళ్లు గచ్చు పగలగొట్టుకుని, డబ్బు పెట్టి కనెక్షన్ తీసుకోవాలి. సెప్టిక్ ట్యాంకు బాగానే పనిచేస్తోందని అనుకునే కుటుంబానికి ఆ తొందర ఉండదు. అందుకే మొదటి కొన్నేళ్లు మూడో వంతు ఇళ్లు కలిస్తేనే గొప్ప. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, పైపు దగ్గరికి వచ్చేసరికి ఇదే ప్రాణాంతకమవుతుంది.

పదిహేను కిలోమీటర్ల పైపు కథ

పెద్ద లైను మీ ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. పంపులతో తోయడానికి 350 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పైపు వేశారు. ఆ పైపు ఒకసారి నిండితే అందులో పట్టే నీరు దాదాపు 14 లక్షల 40 వేల లీటర్లు. ఊరంతా కనెక్షన్లు ఇచ్చి పూర్తి మురుగు వస్తున్నప్పుడు కూడా ఇక్కడ బయలుదేరిన చుక్క అటు చివరకు చేరడానికి ఎనిమిది గంటలు పడుతుంది. మూడో వంతు ఇళ్లే కలిసి ఉంటే, ఒక రోజు రాత్రీపగలూ పడుతుంది.

రోజంతా గాలి తగలకుండా గొట్టంలో నిలిచిన మురుగు కుళ్లిపోతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. పైపు చివర మురుగు మ్యాన్‌హోల్లోకి దూకేచోట ఆ వాయువు బయటపడి తడి కాంక్రీటు మీద సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. యాభై ఏళ్లు నిలవాల్సిన కట్టడం పదేళ్లకే పెచ్చులూడిపోతుంది.

అలాంటి ఒక చోటికి నేను తనిఖీకి వెళ్లాను. ఎదురింటి పెద్దావిడ కుర్చీ వేసి కూర్చోబెట్టి, లోపలి నుంచి తన వెండి పట్టీలు తెచ్చి చూపించింది. బొగ్గులా నల్లగా ఉన్నాయి. "చింతపండు పెట్టి తోమిన వారానికే ఇలా అయిపోతాయి బాబూ. పూజ దగ్గర కుందులూ అంతే. వాసన మీరు వచ్చినప్పుడు ఉండదు, తెల్లవారుజామున వస్తుంది" అంది. మా దగ్గరున్న కొలత యంత్రం ఆ మధ్యాహ్నం ఏమీ చూపించలేదు. ఆ పట్టీలు చూపించాయి. తర్వాత మూత ఎత్తితే లోపల కాంక్రీటు గోడ తడిసిన సున్నంలా చేతికి రాలి వచ్చింది.

ఆ వాయువు మనుషుల ప్రాణాలు తీస్తుంది. ఎక్కువ మోతాదులో ముక్కుకు వాసన కూడా తెలియనివ్వదు. మనుషులను మురుగు గుంతల్లోకి రక్షణ లేకుండా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా దిగి చనిపోయిన వారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. పొడవాటి పైపు ఎంచుకుంటున్నామంటే ఆ ప్రమాదాన్ని కూడా ఎంచుకుంటున్నట్టే. గాలి ఊదే ఏర్పాటు, రసాయనాల మోతాదు, యంత్రాలతో శుభ్రపరిచే వాహనం, వీటి ఖర్చు అంచనాలో కనిపించకపోతే ఆ అంచనాను నేను నమ్మను.

ఇక ఎత్తు సంగతి. విశాఖ చుట్టుపక్కల మ్యాపులో గీత గీసి దూరం కొలవడం పెద్ద పొరపాటు. సింహాచలం కొండలు, కైలాసగిరి, యారాడ కొండ సముద్రం దాకా చొచ్చుకొచ్చి నీటి దారులను విడగొట్టాయి. కొండకు ఇటు కురిసిన వాన ఒక గెడ్డలోకి (మా వైపు వాగును గెడ్డ అంటాం), అటు కురిసింది ఇంకో గెడ్డలోకి పోతుంది. మురుగూ అంతే, పల్లానికి వెళ్లాలనే చూస్తుంది. దాన్ని ఎదురు ఎక్కించాలంటే కరెంటు కాల్చాలి.

చిన్న లెక్క చేద్దాం. మధ్యలో మిట్ట 30 మీటర్లు, పదిహేను కిలోమీటర్ల పైపులో రాపిడిని దాటడానికి ఇంకో 30 మీటర్లు. అరవై మీటర్ల ఎత్తుకు 43 లక్షల లీటర్లు తోయడానికి పంపు సామర్థ్యం 60 శాతం అనుకుంటే రోజుకు దాదాపు 1,200 యూనిట్లు ఖర్చవుతాయి. యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా ఏడాదికి 30 లక్షల రూపాయలు. ఇంకా చుక్క నీరు కూడా శుద్ధి కాలేదు, తోయడానికే ఇంత. ఇదే మురుగును ఊళ్లోనే చిన్న ఎస్‌బీఆర్ ప్లాంటులో (ఒకే తొట్టిలో విడతల వారీగా గాలి ఊది శుద్ధి చేసే యంత్రాల పద్ధతి) శుద్ధి చేయడానికి అయ్యే కరెంటు కూడా అటూ ఇటూగా ఈ స్థాయిలోనే ఉంటుంది. తీర్మానం పత్రంలో "ఖర్చు కలిసొస్తుంది" అన్న వాక్యం పక్కన ఈ అంకె రాసి చూడండి.

కరెంటు లేని రోజుల మాటేమిటి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు నగరంలోనే రోజుల తరబడి కరెంటు లేదు. స్తంభాలు వరసగా నేలకొరిగాయి. అలాంటప్పుడు పంపింగ్ స్టేషనుకు ఉన్న ఒక్క జనరేటరుకు డీజిలు తెచ్చే దారి కూడా ఉండదు. పంపుల ముందు మురుగు చేరే సంపు నిండగానే మురుగు ఓవర్‌ఫ్లో పైపు గుండా పక్కనున్న గెడ్డలోకో, చెరువులోకో పోతుంది. వాలు మీద తనంతట తాను పారే లైనుకు ఈ బాధ లేదు. అందుకే ఒక్క పంపింగ్ స్టేషను కూడా లేకుండా కలవగలిగే ఊరికీ, మూడు పంపింగ్ స్టేషన్లతో కలవాల్సిన ఊరికీ ఒకే సలహా ఇవ్వలేం.

అయితే ఎప్పుడు కలవాలి?

కలవడంలో మేలు నిజంగానే ఉంది. ప్లాంటు పెద్దదయ్యే కొద్దీ లీటరుకు అయ్యే ఖర్చు తగ్గుతుంది. పెద్ద ప్లాంటులో మూడు షిఫ్టులకూ ఆపరేటర్లు, ఒక ప్రయోగశాల, కెమిస్టు ఉంటారు. చిన్న ఊరి ప్లాంటులో ఉన్న ఒక్క ఆపరేటరు సంక్రాంతికి ఇంటికి వెళితే మురుగులోకి గాలి ఊదే బ్లోయరు ఆగుతుంది, శుద్ధి చేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, మళ్లీ దారిలోకి రావడానికి వారాలు పడుతుంది.

మీ ఊరి వాలు పెద్ద లైను వైపే ఉండి, దూరం నాలుగైదు కిలోమీటర్లకు మించకుండా, మధ్యలో కొండ గాని పెద్ద గెడ్డ గాని లేకపోతే కలవండి, ఆలోచించనక్కర్లేదు. మధురవాడ, పెందుర్తి వైపు నగరం అంచున పెరుగుతున్న కాలనీల్లాంటి చోట్ల విడివిడిగా బుల్లి ప్లాంట్లు పెట్టడం వృథా. తీరం వెంబడి ఇసుక నేల, పైపైనే నీరు తగిలే చోట్ల కూడా కలవడమే మేలు. అక్కడ ఇంకుడు గుంతలోకి వదిలింది రేపు పక్కింటి బోరులో తేలుతుంది. ఎలమంచిలి, నర్సీపట్నం లాంటి దూరపు పట్టణాలకు విశాఖ లైను అన్న మాటే రాదు. వాళ్లు పక్క గ్రామాలతో కలిసి సొంత ఏర్పాటు చూసుకోవాల్సిందే.

కలవడంలో ఇంకో చిక్కుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. 1861 నుంచి మునిసిపాలిటీగా ఉన్న భీమునిపట్నం, దానితో పాటు అనకాపల్లి 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిశాయి. ఊరే కలిసినప్పుడు పన్నూ, పనీ, ఓటూ ఒకే గొడుగు కిందికి వస్తాయి. కార్పొరేటరును నిలదీయవచ్చు. పైపు ఒక్కటే కలిస్తే ఛార్జీ ఒకచోట నిర్ణయమవుతుంది, మీ ఓటు మరోచోట ఉంటుంది. రేటు రెట్టింపైతే మీ కౌన్సిలరు వెళ్లి ఎవరిని అడగాలి? ఒప్పందంలో దీనికి జవాబు ఉండాలి.

సొంత ప్లాంటు: ఏది, ఎక్కడ?

భూమి ఉంటే నా ఓటు చెరువుల పద్ధతికే. వరసగా మూడు నాలుగు కుంటలు తవ్వి, ఎండకూ గాలికీ నాచుకూ శుద్ధిని వదిలేస్తారు. బ్లోయర్లు ఉండవు, కరెంటు దాదాపు అక్కర్లేదు, ఆపరేటరు సెలవు పెట్టినా పని ఆగదు. కానీ మనం అనుకున్న ఊరికి పది ఎకరాలకు పైనే కావాలి. విశాఖ చుట్టూ ఇప్పుడు ఆ మాట పైకి అనడానికే భయం. ఎస్‌బీఆర్ లాంటి యంత్రాల పద్ధతికి ఎకరం, ఎకరన్నర చాలు, దానికి కరెంటూ నైపుణ్యమూ రోజూ కావాలి.

దేశం మొత్తం మీద 2020-21 నాటి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలు చూడండి. పట్టణాల్లో 72,368 ఎంఎల్‌డీ మురుగు పుడుతుంటే, కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236. అంటే కట్టినవాటిలోనూ మూడో వంతుకు పైగా సామర్థ్యం వాడకంలో లేదు. కట్టడానికి నిధులు దొరుకుతాయి, నెలనెలా నడపడానికి దొరకవు. సొంత ప్లాంటు కోరుకునే కౌన్సిలు ముందుగా తన బడ్జెట్లో ఆ నెల ఖర్చుకు ఒక పద్దు తెరవాలి.

ప్లాంటు కట్టే సంస్థ మిమ్మల్ని వేరే ఊళ్లోని నమూనా ప్లాంటు చూపించడానికి తీసుకెళుతుంది. అక్కడ గ్లాసులో పట్టిచ్చే తేట నీటిని చూసి మురిసిపోకండి. గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు అడగండి. రోజుకు ఇన్ని లక్షల లీటర్లు శుద్ధి చేస్తున్నామని చెప్పే ప్లాంటులో బిల్లు మరీ తక్కువగా ఉంటే బ్లోయర్లు తిరగడం లేదని అర్థం. తర్వాత ఎండబెట్టిన బురద ఎక్కడికి పోతోందో అడగండి. బురద రాని ప్లాంటు శుద్ధి చేయడం లేదు. నా అనుభవంలో ఈ రెండు ప్రశ్నలకు తడబడని ప్లాంట్లు తక్కువ.

సొంత ప్లాంటుకు ఉన్న పెద్ద లాభం నీరు ఊళ్లోనే ఉండిపోవడం. శారదా నది పరీవాహకంలో చెరకు వేసే రైతుకు వేసవిలో రోజుకు నలభై లక్షల లీటర్లంటే చిన్న విషయం కాదు. అదే నీటిని పదిహేను కిలోమీటర్లు తోసి సముద్రం దగ్గర శుద్ధి చేస్తే అది మళ్లీ వెనక్కి రాదు. సరిగ్గా శుద్ధి చేసిన నీటిని చెరకుకు, కొబ్బరికి, పశుగ్రాసానికి ఇవ్వవచ్చు. పచ్చిగా తినే కొత్తిమీర, కీర దోస, ఆకుకూరల మీదికి మాత్రం పోనివ్వకూడదు. ప్రమాణాల విషయంలో 2017 కేంద్ర నోటిఫికేషను చిన్న పట్టణాలకు బీఓడీ (నీటిలో మిగిలిన కుళ్లే మురికికి కొలత) లీటరుకు 30 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంది. 2019లో హరిత ట్రిబ్యునల్ పది ఉండాలంది. ప్లాంటు ఎంచుకునేటప్పుడు పదినే గురిగా పెట్టుకుంటే రేపు మళ్లీ పగలగొట్టి కట్టే పని ఉండదు.

లారీతో కలిసే దారి

తీర్మానం పత్రంలో ఎప్పుడూ కనిపించని మూడో దారి ఒకటుంది. నా మేనల్లుడితో నేను ఎక్కువ సేపు మాట్లాడింది దీని గురించే.

మన చిన్న పట్టణాల్లో మలం ఇప్పుడు ఎక్కడుంది? సెప్టిక్ ట్యాంకుల్లో. రెండు మూడేళ్లకోసారి తోడించాల్సిన ట్యాంకును పొంగినప్పుడే తోడిస్తాం. ఒకసారి మా బంధువుల ఇంటికి ట్యాంకరు వచ్చింది. డ్రైవరు గొట్టం భుజాన వేసుకుని "అమ్మా, మూత ఎక్కడుందమ్మా?" అని అడిగితే ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇల్లు కట్టి పద్దెనిమిదేళ్లయింది. చివరికి వంటగది వెనక కొత్తగా వేసిన టైల్స్ కింద దొరికింది. నాలుగు టైల్స్ పగలగొట్టారు. తోడిన సరుకు ఎక్కడ పోస్తావని అడిగితే అతను తల దించుకున్నాడు. "ఎక్కడ పొయ్యమంటారు సార్, చోటు చూపించండి" అన్నాడు. అది అతని తప్పు కాదు. పోయడానికి చోటు కట్టని మనది.

ఆ చోటే మల వ్యర్థాల శుద్ధి కేంద్రం. కర్ణాటకలోని దేవనహళ్లిలో 2015లో ఇలాంటిది మొదలైంది, 2017లో జాతీయ విధానమే వచ్చింది. మన లెక్కనే తీసుకుందాం. పదివేల ఇళ్లలో ఆరువేలకు ట్యాంకులుంటే, మూడేళ్లకోసారి తోడితే, ఏడాదికి మూడు వందల పని దినాలు వేసుకుంటే, రోజుకు దాదాపు ఏడు ట్యాంకులు. ఒక్కోటి మూడు వేల లీటర్ల చొప్పున రోజుకు 21 వేల లీటర్లు. 43 లక్షల లీటర్ల మురుగు ఎక్కడ, ఈ 21 వేలు ఎక్కడ! అయినా ఊరిని జబ్బు పరిచే క్రిముల్లో పెద్ద భాగం ఈ చిక్కటి సరుకులోనే ఉంది. రెండు ట్యాంకర్లు, ఎకరం లోపు స్థలం చాలు. పక్కనున్న రెండు మూడు పట్టణాలు, పంచాయతీలు ఒకే కేంద్రాన్ని పంచుకోవచ్చు. పైపు వేయనక్కర్లేదు, కొండ అడ్డం రాదు, తుఫానుకు రోడ్డు మూసుకుపోతే ట్యాంకులు రెండు వారాలు ఆగుతాయి. లక్ష లోపు జనాభా ఉన్న పట్టణాల మురుగునీటి పనులకు స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ రెండో దశలో చోటు ఉంది, అక్కడ అడగాలి.

దీనితో అంతా అయిపోదు. స్నానాల నీరు, గిన్నెలు కడిగిన నీరు కాలువల్లోనే పారుతుంది. వాటిని ఊరి చివర అడ్డుకట్ట కట్టి మళ్లించి చిన్న కుంటల్లో శుద్ధి చేయాలి. ట్యాంకు నుంచి కాలువలోకి పెట్టిన గొట్టాలను మూసి ఇంకుడు గుంతకు మళ్లించాలి. అయినా నలభై వేల జనాభా ఊరు మొదటి పదేళ్లకు వేయాల్సిన అడుగు ఇదేనని నా గట్టి నమ్మకం. భూగర్భ డ్రైనేజీ, అపార్టుమెంట్లు చిక్కబడిన వార్డుల నుంచి మొదలుపెట్టి, తర్వాత మెల్లగా వేసుకోవచ్చు.

కలవాలనే నిర్ణయించుకుంటే

అప్పుడు సంతకానికి ముందు ఒప్పందంలో కొన్ని వాక్యాలు వెతకండి. పెద్ద ప్లాంటులో మీ ఊరికి ఎంత సామర్థ్యం రాసి ఇస్తున్నారు? రేపు నగరం పెరిగి ప్లాంటు నిండితే ముందు ఆగేది ఎవరి మురుగు? నీరు పంపినా పంపకపోయినా కనీస మొత్తం కట్టాలనే షరతు ఉందా? ఉంటే, కనెక్షన్లు మూడో వంతే ఉన్న తొలి ఏళ్లలో ఊరి ఖజానా దానికే ఖాళీ అవుతుంది. మీటరు ఎవరిది, దాన్ని ఎవరు తనిఖీ చేస్తారు? వానాకాలంలో మేడల మీది వాన గొట్టాలు మురుగు లైన్లో కలిపేస్తారు కాబట్టి మీటరు ఆ వాననూ మురుగుగానే లెక్కగడుతుంది, దానికీ మీరే డబ్బు కడతారు. రేటు పెంచే కమిటీలో మీ ఊరికి ఒక కుర్చీ ఉండాలి. ఓవర్‌ఫ్లో జరిగితే బాధ్యత ఎవరిదో పేరు పెట్టి రాసి ఉండాలి.

ఇవన్నీ విన్నాక మా మేనల్లుడు సమావేశంలో చెయ్యెత్తలేదు, వ్యతిరేకంగానూ మాట్లాడలేదు. పైపు వెళ్లే దారి ఎత్తుపల్లాల డ్రాయింగు సభ ముందు పెట్టమని మాత్రం అడిగాడు. అది ఎవరి దగ్గరా లేదు. తీర్మానం నెల రోజులు వాయిదా పడింది. వచ్చే ఆదివారం పొద్దున్నే మేమిద్దరం ఆ దారి వెంట నడవబోతున్నాం. మొదటి పంపింగ్ స్టేషను అనుకుంటున్న చోట ఒక గెడ్డ ఉంది, దాని దిగువన వార్డు మంచినీటి బోరు. ముందు అక్కడ ఆగి ఆ రెండింటి మధ్య దూరం టేపు పెట్టి కొలవాలి.